మా సార్ పేరు మీద నిలిచిన కొబ్బరిచెట్లు

మా సార్ పోయారని వాట్సాప్‌లో వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరో ఎవరికో పంపితే, వాళ్ళు ఇంకెవరికో పంపితే, తిరిగి తిరిగి నా దాకా వచ్చిన మెసేజ్ అది. కింద జోడించిన చేతుల బొమ్మ తప్ప ఎలా పోయారో, ఎక్కడ పోయారో ఏమీ లేదు. ఇలాంటిది చూసి ఏడిస్తే ముందు తిట్టేది ఆయనే. అందుకని క్లాంగ్‌లో వాళ్ళింటికే ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తారు. "అవునమ్మా, పొద్దున్నే పోయినారు. టీ తాగతా తాగతా పక్కకి వాలిపోయినారు," అన్నారు. ఆ గొంతు ఆవిడదేనా అని అప్పుడు కూడా ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

నన్నిలా తయారుచేసింది ఆయనే. దానికి ఆయన మీద కోపం లేదు సరికదా, ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ కృతజ్ఞతతోనే. చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు జనం లేనిపోని మంచితనాలు అంటగడతారని ఆయన అనుమానం. కాబట్టి నేను చూసిందీ, విన్నదీ మాత్రమే చెబుతాను.

మలేషియాలో తెలుక్ ఇంటాన్ అనే ఊళ్ళో మాది చిన్న ఆఫీసు. ఊళ్ళు ఎటు పెరగాలి, ఇళ్ళెక్కడ రావాలి, గోదాములెక్కడ, కాలువకు ఎంత చోటు వదలాలి, ఇలాంటి ప్రణాళికల పని. ఈ సంగతులన్నీ ఒక్కచోట దొరికేలా ఒక వెబ్ పోర్టల్ కట్టే పని మా మీద పడింది. దానికి సార్ పెద్ద, నేను ఆయన చేతికింద. అది మామూలు మ్యాపుల వెబ్‌సైట్ కాదు. దానికి ముందు లోకం నేర్పాలి. బడి అంటే పిల్లలు వచ్చే చోటు, పిల్లలు వచ్చే చోటి ముందు నుంచి లారీలు పోకూడదు, గోదాము అంటే లారీలు వచ్చే చోటు, ఇలా ఒక్కొక్కటీ చెప్పిపెడితే, బడి పక్కన గోదాము పెడతానని ఎవరైనా వచ్చినప్పుడు కుదరదని అదే కనిపెట్టి చెబుతుంది. దీన్ని ఆంటాలజీ అంటారు. సార్ మాత్రం చుట్టరికాలు అనేవారు. "ఏది దేనికి ఏటవుతాదో రాసిపెట్టడమే కదా. పెళ్ళిళ్ళ పేరయ్య పని," అని నవ్వేవారు. నవ్వి, వెంటనే నేను రాసింది మళ్ళీ మొదటి నుంచి తనిఖీ చేసేవారు.

ఆ పోర్టల్‌లో ఆయన పట్టుబట్టి పెట్టించిన గడి ఒకటుంది. ప్రతి మాట పక్కనా 'చెప్పినవారు' అని. ఇది కాలువ అని రాస్తే, కాలువ అని ఎవరు చెప్పారు? ఇది పొలం అంటే, ఎవరి మాట మీద? ఆ గడి ఖాళీగా ఉంటే పోర్టల్ ఆ మాటను లోపలికే రానివ్వదు. మా ప్రోగ్రామర్, చైనీస్ అమ్మాయి, దీనివల్ల పని రెట్టింపవుతోందని మొత్తుకుంది. సార్ ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, గడిని అలాగే ఉంచారు.

ఆయన అనుమానాలకు అంతు లేదు. హుటాన్ మెలింటాంగ్ దాకా పోయి పడవ దగ్గరే చేపలు కొనేవారు. మొప్పలెత్తి చూసి, వాసన చూసి, పడవవాడి మొహం కూడా చూసి, అన్నీ అయి సంచీలో వేసుకున్నాక "నిన్నటివేమో" అనేవారు. కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం పొట్లం విప్పి, లోపల గుడ్డు ఉందని కళ్ళతో చూస్తేగానీ కొట్టు ముందు నుంచి కదిలేవారు కాదు. కొట్టు టీ ముట్టేవారు కాదు, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవారు. మ్యాపు చేతికిస్తే ముందు తేదీ చూసేవారు, తర్వాత వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూసేవారు. ఆ వైపు ఏముంటుందని చూసేవారో నాకు ఇప్పటికీ తెలియదు. "గీసినోడు ఆ మట్టి మీద నడిసినాడా?" అని అడిగేవారు. మీటింగులో అంతా తలలూపితే ఆయనకు ఇంకా బెంగ. "అందరూ ఒప్పుకున్నారంటే ఎవుణ్ణో ఒకణ్ణి అడగనేదన్నమాట," అనేవారు నా వైపు వంగి.

ఆఫీసులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. ఆయనది ఎస్టేట్ నుంచి క్లాంగ్ చేరిన క్రైస్తవ కుటుంబం, మాది సుంగై సుమున్. అందరితో మలయ్‌లో మాట్లాడేవారు, అనుమానం వస్తే తెలుగులోకి దిగేవారు, మాట చివర మలయ్ 'లాహ్' మాత్రం వదిలేవారు కాదు. అంచేత మా మధ్య తెలుగు బాగానే నడిచేది.

పోర్టల్‌ను పరీక్షిస్తున్న రోజుల్లో ఒక కంపెనీ మా జిల్లాలో గోదాములకు స్థలం అడిగింది. ఏయే భూములు పనికొస్తాయో చెప్పమని పోర్టల్‌ను అడిగాం. అది మ్యాపు మీద కొన్ని ముక్కలకు ఆకుపచ్చ వేసింది. అందులో ఒక ముక్క మా సుంగై సుమున్ పాత ఎస్టేట్ లైన్ల, అంటే కూలీల ఇళ్ళ వరసల, వెనక ఉన్న కొబ్బరితోట. పోర్టల్‌ను అనడానికేమీ లేదు. కొబ్బరిచెట్లున్నాయి, కాబట్టి సాగుభూమి. ఇల్లు లేదు, గుడి లేదు, రోడ్డు దగ్గర. కాబట్టి మార్చుకోవచ్చు. అన్నీ మేం నేర్పిన చుట్టరికాలే.

కానీ అది తోట కాదు, మా వాళ్ళ శ్మశానం. మా లైన్లలో మనిషిని పాతిపెట్టాక తలవైపు ఒక కొబ్బరిమొక్క నాటుతారు. రాయి పెడితే ఎస్టేట్ దొర పీకించేస్తాడు, మొక్కైతే రేపు కాయలు కాస్తుందిలే అని వదిలేస్తాడు. అప్పటి పెద్దవాళ్ళు అలా ఆలోచించి మొదలుపెట్టారట. దొరలు పోయారు, ఎస్టేట్ చేతులు మారింది, మొక్క నాటడం మాత్రం ఆగలేదు. మా నాయనమ్మ అక్కడే ఉంది.

"సార్, ఇది తోట కాదు. కుబూర్," అన్నాను. శ్మశానానికి మా నోట్లో నలిగిన మలయ్ మాట అదే.

"ఎవులు సెప్పినారు?"

"నానే సెప్తున్నాను సార్. మా నాయనమ్మని అక్కడే పెట్టినాము."

"రాసేదానివీ నువ్వే, సెప్పేదానివీ నువ్వేనా? కుదరదు లాహ్. రేపు ఎవుడైనా అడిగితే నీ నాయనమ్మ కోసం మ్యాపు మార్చినావంటాడు."

ఒళ్ళు మండిపోయింది. మా నాయనమ్మ నెత్తిన గోదాము లేస్తుంటే ఈయనకు గడి ముఖ్యమా? అంతకు రెండు మూడు రోజుల ముందే, ఆ కంపెనీ తరఫున తిరిగే ఏజెంటుతో కలిసి సార్ మార్కెట్ దగ్గర టీకొట్టులో కూర్చుని ఉండగా చూశాను. కొట్టు టీ ముట్టని మనిషి ముందు కప్పుంది. రెండూ కలిపి చూసుకున్నాను. ఆగలేక అడిగేశాను.

"మార్కెట్‌కాడ ఆ ఏజెంటుతో ఏటి మాటాడినారు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు సూసినావా, ఇన్నావా?"

"సూసినాను."

"అయితే సూసినానని మట్టుకే రాసుకో," అని కళ్ళజోడు పెట్టుకున్నారు. అంతే. ఆ టీ సంగతి ఆయన తర్వాత కూడా ఎన్నడూ చెప్పలేదు, నాకు పూర్తిగా నమ్మకమూ కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే కారు తీసి "ఎక్కు" అన్నారు. సుంగై సుమున్ వెళ్ళాం. పాత లైన్లలో ఇంకా మిగిలిన ఇళ్ళు కొన్నే. వాటిలో ఒకటి మా మేనత్తది, అక్కడ అందరికీ పెద్దదిక్కు ఆమే. మామయ్య పోయాక కొడుకు దగ్గరే ఉంటోంది. ఆఫీసు కారు చూడగానే ఇరుగుపొరుగు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. సార్ దణ్ణం పెట్టి, ఆ వెనక ఉన్నదేమిటమ్మా అని అడిగారు.

"కొబ్బరిసెట్లు బాబూ," అంది అత్త.

"కుబూరని ఇన్నానమ్మా."

"కుబూరూ లేదు, ఏటీ లేదు. ఒట్టి సెట్లు. ఎవులన్నా అన్నారేమో, మాకు తెల్దు."

 నాయనమ్మను పాతినరోజు నన్ను చంకనేసుకుని అక్కడే ఏడ్చిన మనిషి ఆమె. వెనకున్న వాళ్ళంతా అవునవునని తలలూపారు. సార్ నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు, గుడ్డు లేని పొట్లం వైపు అలాగే చూస్తారు. నా ఉద్యోగం సంగతి తర్వాత, నా మాట పోయిందని అక్కడికక్కడే అర్థమైంది.

ఆయన ఎవరినీ ఏమీ గుచ్చి అడగలేదు. అరుగు మీద కూర్చున్నారు. ఎండగా ఉందన్నారు, మా బావ ఏ ఫ్యాక్టరీలో చేస్తున్నాడని అడిగారు. కాసేపటికి, "అమ్మా, దాహమేస్తంది, ఒక కొబ్బరిబొండం కొట్టిస్తారా?" అన్నారు. బావ కత్తి తీసుకుని పెరట్లోకి నడిచాడు. సార్ చెయ్యెత్తి ఆపారు.

"ఈ సెట్టుది కాదు బాబూ. ఆ వెనక సెట్లవి. గెలలు దిగిపోతన్నాయి, ఎవులూ కోస్తన్నట్టు లేదు."

"అవి ఎవులు కోస్తారు బాబూ!" అత్త ఒక్క అరుపు అరిచింది. "మావోళ్ళ తలల మీద సెట్లవి, ఆ నీళ్ళు ఎవులు తాగుతా..." అని మధ్యలో ఆగిపోయింది. బావ కత్తి కిందికి దించాడు. 

అప్పుడు అత్త సార్‌ను చూసిన చూపు నేను మరిచిపోలేను. "పెజబాట్ మనిసివి, మంచినీళ్ళ వంకన నా నోట్లో మాట లాగేసినావు," అంది. పెజబాట్ అంటే ఆఫీసే, కానీ మా లైన్లలో ఆ మాట పోలీసు అన్నట్టు పలుకుతారు. ఇక దాచేది లేక ఆమె భయమంతా బయటపెట్టింది. కుబూరని ఒకసారి రాస్తే, ఎవరినడిగి పాతారని వస్తారు. భూమి మీది కాదు కదా, తవ్వి తీసుకుపొమ్మంటారు. తోటగా ఉన్నన్నాళ్ళూ ఎవరి కన్నూ పడదు. అందుకే లైన్లన్నీ కూడబలుక్కుని, ఎవరడిగినా కొబ్బరిచెట్లే అని చెబుతున్నాయి. తోట అనుకుంటేనే గోదాము వస్తుందన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. వాళ్ళను కాపాడుతోందనుకున్న అబద్ధమే వాళ్ళ వాళ్ళ మీదికి లారీలు తెస్తోంది.

సార్ అదంతా మెల్లగా విడమర్చి చెప్పారు. "నానూ లైన్లలో పుట్టినోణ్ణే అమ్మా. మీరు అబద్ధం సెప్పినారని కోపం లేదు. రాగానే నిజం సెప్పుంటే నాకు అనుమానం వచ్చును," అన్నారు. ఎవరూ నవ్వలేదు.

"నా పేరు మట్టుకు రాయకు," అంది అత్త. "మావోళ్ళ ఎవుల పేరూ వద్దు."

"రాయను," అన్నారు సార్.

ఆయన చెట్ల దాకా వెళ్ళి, గట్టు మీదే బూట్లు విప్పి, లోపలికి అడుగు పెట్టకుండా చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. తోటలో చెట్ల మధ్య ఉండే ఎడం అక్కడ లేదు. కొన్నిచోట్ల రెండు చెట్లు భుజాలు రాసుకుంటూ ఉన్నాయి, మొగుడూ పెళ్ళాలనుకుంటాను. రాలిన కాయలు రాలినచోటే మొలకెత్తి ఉన్నాయి.

ఆఫీసుకు వచ్చాక నా బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నాను సెప్తాను, నువ్వు రాయి. దీని వరకూ నాను నీ పెద్దని కాను, సెప్పినోణ్ణి," అన్నారు. గడిలో తన పూర్తి పేరు పెట్టించారు. ఊరివాళ్ళు చెప్పారని కాదు, నేను చూశాను, నేను చెబుతున్నాను అని. ఆ ముక్క ఆకుపచ్చ పోయి మట్టిరంగుకు, అంటే శ్మశానం రంగుకు, వచ్చింది.

కంపెనీ ఊరుకోలేదు. మీ అధికారికి అక్కడ ఏం తెలుసు, ఎవరు చెప్పారు, ఆధారమేది అని అడిగింది. సార్‌ను మీటింగుల మీద మీటింగులకు పిలిచారు. ఒకే ఒక్క పేరు చెబితే ఆయన బయటపడిపోయేవారు. మా అత్త పేరు ఆయన నోట రాలేదు. తిరిగి వచ్చి ఫ్లాస్కు మూత తిప్పేవారు. "ఏటన్నారు సార్?" అంటే, "ఏటీ లేదు లాహ్. నన్ను నమ్మలేదు. మంచి అలవాటే," అనేవారు. రావలసిన ప్రమోషన్ ఆ ఏడు రాలేదు. ఈ గొడవకూ దానికీ చుట్టరికం ఉందని నా అనుమానం. నేను చూడలేదు కాబట్టి అంతకుమించి రాయను. కంపెనీ అర్జీ ఆగింది. రద్దు కాలేదు, ఆగింది.

రిటైరై క్లాంగ్ వెళ్ళిపోయాక కూడా ఫోన్ చేసేవారు. బాగున్నావా అని ఉండదు. "సూసినావా? ఉన్నాదా?" అనేవారు. నేను పోర్టల్ తెరిచి, "ఉన్నాది సార్," అనేదాన్ని. "ఏ రంగు?" "మట్టిరంగే." "సరి," అని పెట్టేసేవారు. ఆయనకు ఆ చెట్ల కింద ఎవరూ లేరు.

ఆయన్ను క్లాంగ్‌లో వాళ్ళ చర్చి స్థలంలోనే పెట్టారు. అక్కడ పూలచక్రాల వరసలో ఒకదాని దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. రిబ్బను మీద ఆ కంపెనీ పేరు. మర్యాదకే పంపారేమో. ఇంతకాలం నమ్మని మనిషికి ఇంత పెద్ద పూలచక్రమా అని నా మనసు ఊరుకోలేదు. పాటలు అవుతుండగానే బయటికి వచ్చి ఫోన్‌లో పోర్టల్ తెరిచాను.

మట్టిరంగు లేదు. పసుపు. పక్కన చిన్న అక్షరాలతో: చెప్పినవారు లేరు.

ఆ నియమం కూడా ఆయన రాయించిందే. చెప్పిన మనిషి పోయి, పోర్టల్‌లో అతని ఖాతా మూస్తే ఆ మాట పసుపుకు మారుతుంది. బతికున్నవాళ్ళు ఎవరో ఒకరు మళ్ళీ చెప్పాలి. గడువులోగా ఎవరూ చెప్పకపోతే అంతకుముందున్న చుట్టరికానికే తిరిగిపోతుంది, అంటే కొబ్బరితోట. ఆయన ఖాతాను అంత త్వరగా మూయించినవాళ్ళెవరో నాకు తెలియదు. సార్ మీద మాత్రం పట్టరాని కోపం వచ్చింది. సమాధి ముందు నిలబడి ఎవరైనా ఆ మనిషినే తిట్టుకుంటారా? నేను తిట్టుకున్నాను. తన మాటను కూడా నమ్మని మనిషి, పోయాక తన మాట అలాగే నిలబడాలని ఎందుకు కోరుకుంటాడులే అని దారిలో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. క్లాంగ్ నుంచి తిన్నగా సుంగై సుమున్ వెళ్ళాను.

అత్త అంతా విని ముందు నా మొహంలోకి చూసింది. "నిజంగా పోయినాడా, ఇదీ ఇంకో ఎత్తా?"

"పోయినారత్తా. సూసి వస్తన్నాను."

"ఇన్నాళ్ళూ ఆయన పేరు మీదే ఉన్నాదా అది?"

"ఆయన పేరు మీదే."

"మనోళ్ళది ఒక్క పేరన్నా లేదా?"

"నువ్వే వద్దన్నావు."

 అత్త లేచి మంచి చీర కట్టుకుంది. బావను మోటార్‌సైకిల్ తీయమంది.

ఆఫీసులో ప్రోగ్రామర్ అమ్మాయి రాయడానికి కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను. అత్త తన పేరూ తండ్రి పేరూ చెప్పి, ఐసీ, అంటే గుర్తింపు కార్డు, తీసి, తెర మీద పడ్డ ఒక్కో అక్షరాన్నీ దానితో పోల్చి చూసుకుంది. ఇది శ్మశానమని మీకెలా తెలుసు అని ఆ అమ్మాయి మలయ్‌లో అడిగింది. అత్త బొమ్మను పెద్దది చేయమంది. పైనుంచి తీసిన ఫొటోలో ఒక్కో చెట్టూ చిన్న ముగ్గులా ఉంది. అత్త రోడ్డు వైపు నుంచి వేలు పెట్టి జరుపుకుంటూ వచ్చింది.

"ఇది మీ నాయనమ్మ. ఇది మీ మావ." వేలు కాలువ గట్టు దాకా పోయి, ఒంటరిగా ఉన్న ఒక చెట్టు మీద ఆగింది. "ఇది నా పెద్దపిల్ల."

అత్తకు బావ ఒక్కడే అని నేను పుట్టినప్పటి నుంచీ అనుకుంటున్నాను. బావ వైపు చూశాను. అతనూ ఆమె వైపే చూస్తున్నాడు.

"నడక రాకముందే పోయింది. దానికి నాటినప్పుడు మొక్క నా మోకాలంత లేదు," అంది అత్త. "రాయమను. నాను సెప్తన్నానని రాయమను."

నేను మలయ్‌లో చెప్పాను, ఆ అమ్మాయి రాసింది. పసుపు పోయి మట్టిరంగు వచ్చింది. అత్త రంగు వైపు చూడనేలేదు.  కాసేపటికి తెర తనంతట తానే ఆరిపోయింది. నల్లటి అద్దం మీద, కాలువ గట్టు ఉండాల్సిన చోట, అత్త వేలు అలాగే ఉంది.